అర్థం కాని బొమ్మలు – అభ్యుదయ విమర్శ

1963 అక్టోబరులో ఢిల్లీ లలితకళా అకాడెమీ గ్యాలరీలో పన్నెండుమంది యువకళాకారులు కలిసి ఒక ప్రదర్శన పెట్టారు. తమ బృందానికి 'గ్రూప్ 1890' అని పేరు పెట్టుకున్నారు. అది చారిత్రక సంవత్సరమేమీ కాదు. అంతకు ముందు ఏడాది భావనగర్‌లో వారు సమావేశమైన ఇంటి నెంబరు. నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. అప్పట్లో మెక్సికో రాయబారిగా ఇక్కడున్న కవి ఆక్టేవియో పాజ్ పరిచయవాక్యాలు రాశారు. ఆ పన్నెండుమందిలో ఎం. రెడ్డెప్పనాయుడు తెలుగువాడు.

ఈ ప్రదర్శన అభ్యుదయ విమర్శకులకు పట్టవలసిన విషయమని నా అభిప్రాయం. బృందానికి ముందు నిలిచిన జె. స్వామినాథన్ కమ్యూనిస్టు ఉద్యమంలోంచి వచ్చిన పత్రికా రచయిత. పన్నెండుమందీ నైరూప్య చిత్రకారులు కారు. కాని అంబాదాస్ చిత్రంలో మనిషీ లేడు, చెట్టూ లేదు, రంగే కదులుతుంది. జెరామ్ పటేల్ చెక్కను మంటతో కాల్చి ఆ కాలిన గాయాన్నే చిత్రంగా నిలబెట్టాడు. రవివర్మ సహజత్వాన్నీ, బెంగాలు శైలి పల్లె కలలనూ, యూరపు నుంచి అరువు తెచ్చుకున్న పోకడలనూ వారి ప్రకటన ఒకే ఊపులో తిరస్కరించింది.

ఈ రెండో తిరస్కారం సూటిగా మన బందరుకు తగులుతుంది. ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ నేర్పినదీ, అడివి బాపిరాజు అందుకున్నదీ ఆ బెంగాలు శైలే. జాతీయోద్యమ కాలంలో అది తన పని తాను చేసింది. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. తర్వాతి అనుకరణలు మాత్రం క్యాలెండరు బొమ్మల దాకా జారాయి.

తేదీలు చూడండి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. 1944లో మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ ప్రభృతులు అభ్యుదయ చిత్రకారుల సంఘం పెట్టారు. 1947లో బొంబాయిలో సూజా, రజా, హుస్సేన్, బొల్లారంలో పుట్టిన ఆరా తదితరులు తమ బృందానికీ ఆ పేరే పెట్టుకున్నారు. అయిదేళ్లలో మూడు చోట్ల ఒకే మాట! ఆ తర్వాత రచయితల దారి ఒకటి, చిత్రకారుల దారి ఒకటి. 1936లో గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో పణిక్కర్ వద్ద చదివి, 1962లో లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లి, చివరికి షికాగో చేరి, నైరూప్య చిత్రకారుడిగా పేరు పొందాడు. 2001లో పద్మశ్రీ ఇచ్చారు. కృష్ణా డెల్టా సాహిత్య సభల్లో ఆయన పేరు నేను విన్నది బహు తక్కువ.

మనం అడిగింది ఒకే ప్రశ్న: సామాన్యుడికి అర్థమవుతుందా? ఇదే ప్రశ్న ఛాందసులు వచన కవిత్వం మీద వేస్తే మనకు ఒళ్లు మండింది. వాకిట్లో చుక్కల ముగ్గుకు అర్థమేమిటని ఎవరూ అడగరు కదా అనవచ్చు. ఆ వాదాన్ని నేను పూర్తిగా ఒప్పుకోను. ముగ్గు వెనుక వాడకట్టంతటి అలవాటు ఉంది. పక్కింటామె గీతలో తప్పు పట్టగలదు. గ్యాలరీలోని చిత్రానికి ఆ పక్కింటామె లేదు. కనుక అడగవలసిన ప్రశ్న వేరు: ఈ చిత్రం ఎవరి కంటికి చేరుతున్నది, ఎవరి గోడకు చేరుతున్నది? రెడ్డెప్పనాయుడు మద్రాసు చేనేత సేవాకేంద్రంలో డిజైనరుగా పనిచేశాడు. చిత్రకారుడి చేయి మగ్గం దాకా వచ్చిన ఈ సంగతిని పట్టించుకోవలసింది మనమే. పట్టించుకోలేదు.

తెనాలికి ఎంతో దూరం లేని తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ దశాబ్దాల తరబడి రంగు గురించీ రేఖ గురించీ తెలుగులో రాశారు. ఆయనను సౌందర్యవాది అని పక్కన పెట్టాం. ఆయనతో తగాదా పడినా బాగుండేది. తగాదా పడాలంటే ముందు చిత్రాలు చూడాలి. మన చిన్న పత్రికలు అచ్చువేసిన కొద్ది చిత్రాలూ నలుపు తెలుపుల్లోనే వచ్చాయి. రంగే వస్తువైన చిత్రాల మీద మన వస్తు–రూప చర్చ ఆ బూడిదరంగు అచ్చుల్ని చూసి సాగింది.