సముదాయించడం, సముదాయించుకోవడం

విడివిడిగా ఉన్నవి ఒకచోట చేరితే సముదాయం. ఆ సంస్కృత పదానికి 'ఇంచు' తగిలించి, ఏడ్చే బిడ్డ దగ్గరికి తీసుకొచ్చాం మనం. కొట్లాడుకున్నవాళ్లనూ సముదాయిస్తాం గానీ, ఆ మాట పూర్తిగా పండేది బిడ్డ దగ్గరే. బుజ్జగింపులో కాస్త తాయిలం ఉంది. ఓదార్పు పెద్దల దుఃఖానికీ సరిపోతుంది. సముదాయింపులో చెదిరినదాన్ని మళ్లీ కూడదీయడం ఉంది.

పేచీకి దిగిన మూడేళ్ల పిల్లను చూడండి. గుండె దడదడ, వెక్కిళ్ల మధ్య తెగిపోయే ఊపిరి, చెప్పినచోట నిలవని కాళ్లూ చేతులూ. అడ్రినలిన్ ఒంట్లో పరుగెడుతోంది. ఆవేశాన్ని ఆపే మెదడు ముందుభాగమా, ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు. ఆ పిల్లతో "తమాయించుకో" అంటాం! చివరనున్న ఆ 'కొను'ను గమనించాలి. వండుకోవడం, చెప్పుకోవడం లాగే అది ఎవరికి వారు చేసుకునే పని. సముదాయించుకోవడమూ అంతే. కానీ ముందు 'సముదాయించు' ఉంటేనే దానికి 'కొను' చేరుతుంది. మరొకరి చేతుల్లో మళ్లీ మళ్లీ కుదుటపడిన ఒళ్లే ఆ దారి నేర్చుకుంటుంది. వ్యాకరణంలోని వరసే నాడీ వ్యవస్థలోనూ ఉందని నేను నమ్ముతాను.

2013లో జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు ఆరు నెలల్లోపు పసివాళ్లను గమనించారు. తల్లి ఎత్తుకుని కూర్చున్నప్పటికంటే ఎత్తుకుని నడిచినప్పుడు వాళ్ల ఏడుపు తగ్గింది, గుండె వేగమూ తగ్గింది. బిడ్డను భుజాన వేసుకుని వాకిట్లో తిప్పే అమ్మమ్మలకు ఇది కొత్త సంగతి కాదు.

కాస్త పెద్ద పిల్లలకైతే ముందు మన ఊపిరి నెమ్మదించాలి. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెను నిదానింపజేస్తుంది. పిల్ల ఎత్తుకు దిగి కూర్చుని, గొంతు తగ్గించి, ఒప్పుకుంటే వీపు నిమరాలి. "కోపమొచ్చిందా? భయమేసిందా?" అన్న ప్రశ్న వెక్కిళ్లు తగ్గాకే. హితబోధ ఇంకా తర్వాత.

ఇలా చేస్తే గారాబమై చెడిపోతారని కొందరి బెంగ. అడిగింది ఇచ్చేయడం వేరు, సముదాయించడం వేరు. బొమ్మ కొనను అన్న మాట మీదే నిలబడి, బొమ్మ కోసం ఏడుస్తున్న పిల్లను ఒళ్లోకి తీసుకోవచ్చు. ఫోను చేతిలో పెడితే ఏడుపు ఆగుతుంది, నిజమే. దాన్ని మాత్రం సముదాయింపు అనలేను. అక్కడ పిల్లను దగ్గరికి తీసుకున్న మనిషెవరూ లేరు.