తుపాకి మీద అంకె

తుపాకికి చరిత్ర వుంటుందని అందరూ ఒప్పుకుంటారు. దాని మీద కొట్టిన అంకెకు కూడా చరిత్ర వున్నదంటే మాత్రం నవ్వుతారు. అది గుమాస్తాలు చూసుకోవలసిన పని అని మన పండితుల అభిప్రాయం కాబోలు. ఆయుధం ఎవరి చేతిలో వుండవచ్చునో, ఎవరి చేతికి మారవచ్చునో నిర్ణయించే అధికారమంతా ఆ అంకెలోనే దాగివున్నదని నేనంటాను.

లిట్టన్ వైస్రాయిగా వున్న రోజుల్లో, 1878లో, ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి పట్టరాదు. యూరోపియనుకు మినహాయింపు. దొరతనం మెచ్చిన పెద్దలకు లైసెన్సు దొరికేది. కొండమీద పోడు కొట్టుకునేవాడికి దొరకటం కల్ల. మరుసటి సంవత్సరమే రంప పితూరీ లేచింది. మన్సబుదారు పీడన, కల్లు మీద పన్ను దానికి ముఖ్య కారణాలు. అయితే అణచివేసిన చేతిలో వున్నవి మాత్రం లెక్కకెక్కిన తుపాకులే.

1922 ఆగస్టు నాటికి యీ లెక్క తారుమారైంది. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: వరసగా మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. మొత్తం 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు దొరికాయి. అంతటితో వూరుకోలేదు. తీసుకున్న వాటి వివరం స్టేషను డైరీలోనే రాసి, రాజు స్వయంగా సంతకం చేశాడు. దొంగ రసీదు యివ్వడు. యితను యిచ్చాడు! దీన్ని వీరుడి చిలిపితనంగా చెప్పుకొని మురిసిపోయేవారున్నారు. నాకు అందులో మరో విషయం కనిపిస్తుంది. సర్కారు ఏ పుస్తకంలో తన ఆస్తిని నమోదు చేసుకుంటుందో, ఆ పుస్తకంలోనే ఆస్తి చేయి మారినట్టు రాయటమంటే, ఆ చట్టాన్ని దాని భాషలోనే ధిక్కరించటం. సాధారణ దోపిడీకి యీ రాత అవసరం లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. జాతి భేదం పోయింది గాని అంకె మీది పట్టు బిగిసింది. తయారీదారు పేరో నంబరో మరో గుర్తో లేని తుపాకిని అమ్మరాదు, మరొకరికి బదిలీ చెయ్యరాదు అంటుంది 8వ సెక్షను. ఆ గుర్తు చెరిగి వుంటే, దగ్గర పెట్టుకున్నవాడే చెరిపాడని కోర్టు భావిస్తుంది; కాదని రుజువు చేసుకునే భారం అతనిదే. కొండవూరి కమ్మరి కొలిమిలో తయారైన నాటు తుపాకికి మొదటినుంచీ అంకె లేదు. మరి దానికి రుజువెక్కడిది? వాడకానికి పనికిరాని, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధాలకు మాత్రం 45వ సెక్షను మినహాయింపు యిస్తుంది. పేలే స్థితిలో వున్న పాత పిస్తోలుకు వయసు ఒక్కటే రక్ష కాదు.

యీ సంగతి నాకు పుస్తకాల్లో కన్నా అమలాపురంలో బాగా తెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి వెబ్లీ ఆరో మార్కు రివాల్వరు ఒక కుటుంబంలో వున్నది. లైసెన్సుదారు పోయాడు. చట్టప్రకారం దాన్ని స్టేషనులో జమకట్టి, వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. కాగితాలు తిరిగివచ్చాయి. కారణం వింతైనది. పాత లైసెన్సులో నంబరు గడిలో 1915 అని వున్నది! అది తయారైన సంవత్సరం. వెనకటి గుమాస్తా యెవరో, కంటికి బాగా కనిపించిన అంకె యెత్తి రాసేశాడు.

సైనిక పిస్తోలు మీద అంకెలకు కరువు లేదు. తూటా కొలత .455, తయారైన ఏడు, పరీక్షించినవారి ముద్ర, ఒక్కోసారి పటాలం వేసుకున్న సొంత లెక్క నంబరు కూడా. అసలు నంబరు చట్రం మీదిది. సిలిండరు మీదిదీ దానితో సరిపోలాలి. సరిపోలకపోతే ఏదో ఒక భాగం మారిందని అర్థం. తుప్పు కింద అంకె కనపడకపోతే యిసుక కాగితంతో రుద్దేవారున్నారు. అంతకంటె అన్యాయం లేదు: రుద్దినకొద్దీ అంకె పోతుంది, 8వ సెక్షను మీద పడుతుంది. కాస్త నూనె రాసి, తుడిచి, సుద్దపొడి అద్ది, దీపం వాలుగా పట్టి చూస్తే చాలు. బాణం ముద్ర బ్రిటిష్ సర్కారు సొత్తు అని చెబుతుంది. రెండు బాణాలు మొనకు మొన ఆనించి వుంటే, సర్కారు దాన్ని తన కొలువునుంచి తీసివేసి అమ్మిందన్న మాట. ఆ రివాల్వరు మీద రెండు బాణాలూ వున్నాయి.