‘రెండేళ్లలో అదే పోతుంది’: ఒక నమ్మకం చరిత్ర

భుజం పట్టేసి చెయ్యి పైకి లేవని మనిషికి ఆస్పత్రిలోనూ చుట్టాలింట్లోనూ వినిపించే ఓదార్పు ఒకటే: ముందు నొప్పి, తర్వాత బిగుతు, ఆపైన సడలింపు, రెండేళ్లలో అదే పోతుంది. భుజం వైద్యం చరిత్ర రాసినవాళ్లలోనూ చాలామంది ఈ మాటను తేలిపోయిన విషయంగా తీసుకుని, దాని చుట్టూ శస్త్రచికిత్సల పురోగతి కథ అల్లారు. ఆ కథతో నాకు రెండు పేచీలున్నాయి. ఓదార్పు మాటకు ఉన్న ఆధారం పలచన. అన్నిటికంటే ముందు చూడవలసిన కారణమేమో యాభై ఏళ్లుగా ఎదుటే ఉన్నా ఓ మూలన పడి ఉంది.

తప్పిన భుజాన్ని తిరిగి ఎక్కించడం పాత విద్యే. హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథం చంకలో మడమ ఆనించి చెయ్యి లాగమంది. సుశ్రుత సంహిత చంక కింద రోకలి పెట్టి ఎత్తి, కీలు కుదిరాక స్వస్తికంలా కట్టు కట్టమంది. మన చిత్తూరు సీమలో పుత్తూరు కట్టు కోసం జనం ఇప్పటికీ వెళ్లేది ఎముకలకీ కీళ్లకీ తగిలిన ఇలాంటి దెబ్బలకే. దెబ్బేమీ తగలకుండా, నెలల తరబడి మెల్లగా బిగుసుకుపోయే భుజం వేరే వ్యవహారం. సుశ్రుతుడు చెప్పిన అవబాహుకం ఇదేనని ఈమధ్య చాలామంది ధీమాగా రాస్తున్నారు. అక్కడ ఉన్నది, వాతం భుజంలో చేరి సిరలను కుంచింపజేస్తుందన్న చిన్న వర్ణన. ఏ వయసులో వస్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో అందులో లేదు. పోలిక ఉంటే ఉండవచ్చు. రెండూ ఒకటేనని తీర్పు చెప్పడానికి అది చాలదు.

ఆధునిక కథ 1872లో పారిస్‌లో మొదలవుతుంది. సర్జన్ డ్యూప్లే, తప్పు కీలులో కాదు, దాని బయటి తిత్తుల్లో ఉందన్నాడు. అక్కడ ఏర్పడిన అతుకులను, మత్తిచ్చి చెయ్యి వంచి తెంపమన్నాడు. 1945లో నెవియాసర్ అనే సర్జన్, కీలును చుట్టి ఉన్న సంచే మందమై ముడుచుకుపోతుందని చూపించాడు. ఈ ఇద్దరి నడుమ 1934లో వచ్చింది బోస్టన్ సర్జన్ కాడ్‌మన్ భుజం మీద రాసిన పెద్ద పుస్తకం. ‘ఫ్రోజెన్ షోల్డర్’ అన్న పేరు ఆయన పెట్టిందే. ఎంత మొండి కేసైనా, వైద్యం చేసినా చేయకపోయినా, దాదాపు రెండేళ్లలో నయమవుతుందన్న మాట కూడా ఆయనదే.

ఆ మాట అన్నది ఎవరో గమనించాలి. చికిత్స చేసిన ప్రతి రోగినీ తర్వాత కూడా కనిపెట్టి చూసి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా రాసి పెట్టాలని పట్టుబట్టి, అందుకోసం తోటి వైద్యులతో తగవు తెచ్చుకున్న మనిషి కాడ్‌మన్. ఆయన ప్రతిష్ఠే ఆ వాక్యాన్ని మోసుకొచ్చిందని నా అభిప్రాయం. భయంతో వచ్చిన రోగికి ధైర్యం చెప్పడానికి ఒక అనుభవజ్ఞుడు అన్న మాటగా అది సబబైనదే. పాఠ్యపుస్తకాల్లో తరతరాలుగా కాపీ అవుతూ వచ్చేసరికి ప్రకృతి నియమంలా స్థిరపడింది.

దానికి గట్టి కొలబద్ద 1975లో రీవ్స్ అనే పరిశోధకుడు ఇచ్చాడు. 41 మంది రోగులను 5 నుంచి 10 ఏళ్ల దాకా వెంబడించి చూశాడు. జబ్బు సగటున 30 నెలలు నడిచింది. పూర్తిగా కోలుకున్నవాళ్లు 16 మందే. 22 మందికి కదలికలో కొంత లోటు మిగిలింది గాని పనులకు అడ్డం రాలేదు. ముగ్గురికి మాత్రం పనులకే ఇబ్బంది మిగిలింది. 1992లో షాఫర్ బృందం 62 మందిని సగటున 7 ఏళ్ల తర్వాత చూస్తే, సగం మందికి ఎంతో కొంత నొప్పో బిగుతో ఉన్నాయి. 2008లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పరిశీలనలో 223 మంది ఉన్నారు. సగటున నాలుగున్నరేళ్లకు 59 శాతం మంది భుజం మామూలుగానో దాదాపు మామూలుగానో ఉంది. 35 శాతానికి ఓ మోస్తరు బాధ, 6 శాతానికి తీవ్రమైన బాధ ఉన్నాయి.

ఈ అంకెలను మరీ చీకటిగా చదవడమూ తప్పే. చాలామంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. కాడ్‌మన్‌కూ రీవ్స్‌కూ ఉన్న తేడాలో కొంత, కోణమానిని అడిగామా, రోగినే అడిగామా అన్న దగ్గరే ఉంది. జడ వేసుకోగలుగుతున్న ఆవిడ ‘బాగైపోయింది’ అంటుంది. కొలిస్తే చెయ్యి వెనక్కి ఇంకా పూర్తిగా తిరగదు. మరో చిక్కు 2004లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పరిశోధన. 77 మందిలో బలవంతంగా సాగదీసిన వర్గంలో 63 శాతం కోలుకుంటే, నెమ్మదిగా వదిలేసిన వర్గంలో 89 శాతం కోలుకున్నారు. ‘ఏమీ చేయకండి’ అనేవాళ్లు చూపించేది దీన్నే. ఆ రెండో వర్గాన్ని గాలికి వదిలేయలేదు. చెయ్యి వేలాడేసి ఊపే వ్యాయామం, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకే కదలిక, మధ్యమధ్య వైద్యుల పరిశీలన, అన్నీ ఉన్నాయి. చేయకూడదని తేలింది మొరటు సాగదీత మాత్రమే.

శస్త్రచికిత్సల పురోగతి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1972లో నీర్ అనే సర్జన్, భుజం కొన ఎముక కింద స్నాయువు నలగడమే నొప్పికి మూలమని, ఆ ఎముక అడుగును చెక్కే పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. ఇది బిగుసుకున్న భుజానికి కాదు, చెయ్యి ఎత్తేటప్పుడు మాత్రం పొడిచే నొప్పికి. లక్షల భుజాలు అలా చెక్కాక, 2018లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటిష్ పరిశోధనలో, నిజంగా చెక్కినవాళ్లకీ, గొట్టం పెట్టి చూసి ఊరుకున్నవాళ్లకీ ఫలితంలో తేడా కనిపించలేదు. మరుసటి ఏడాది బీఎంజే మార్గదర్శకాలు ఆ ఆపరేషన్ వద్దనే చెప్పాయి.

నీర్ ఆ పద్ధతి వెలువరించిన 1972లోనే బ్రిడ్జ్‌మన్ అనే వైద్యుడు ఒక చిన్న పత్రం ప్రచురించాడు. 800 మంది మధుమేహ రోగుల్లో 10.8 శాతం మందికి ఈ భుజం బిగుతు ఉంది. మధుమేహం లేని 600 మందిలో 2.3 శాతానికే ఉంది. తర్వాతి పరిశీలనలు కూడా ఈ సంబంధాన్ని బలపరిచాయి. రక్తంలో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్ పోగులను ఒకదానికొకటి అంటగట్టి సాగే గుణాన్ని తగ్గిస్తుందన్నది దీనికి చెప్పే వివరణల్లో ముఖ్యమైనది. అదొక్కటే కారణమనను. షుగర్ లేనివాళ్లకూ ఇది వస్తుంది, థైరాయిడ్ లోపాలతోనూ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం రెండు భుజాలకూ పాకడం, తగ్గకుండా మొండికేయడం ఎక్కువ. రెండేళ్ల ఓదార్పు అందరికంటే తక్కువగా వర్తించేది వాళ్లకే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్లు.

ఇవాళ మన పట్టణాల్లో జరుగుతున్నది చూస్తే నాకు బాధ కలుగుతుంది. భుజం నొప్పి అనగానే వేల రూపాయల ఎమ్మారై రాస్తున్నారు. ఏ నొప్పీ లేని అరవై దాటినవాళ్లలో సగానికి పైగా భుజం స్నాయువుల్లో చిరుగులు కనిపించాయని 1995లోనే తేలింది. అలాంటి చిరుగు ఒకటి స్కాన్‌లో దొరకగానే ఆపరేషన్ మాట వస్తుంది. కొన్ని వందల్లో అయిపోయే మూడు నెలల షుగర్ సగటు పరీక్ష మాత్రం చాలామందికి రాయరు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి నెలల్లో నొప్పి తగ్గించే మాట నిజమే. షుగర్ ఉన్నవాళ్లకు ఆ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుందని ముందే చెప్పే ఓపిక ఎందరికి ఉంది?

2020లో బ్రిటన్‌లో 503 మందితో జరిగిన పరిశోధన మూడు పద్ధతులను పక్కపక్కన పెట్టింది: మత్తిచ్చి చెయ్యి వంచడం, కీహోల్ ఆపరేషన్‌తో సంచిని కోసి వదులు చేయడం, ఇంజెక్షన్‌తో కలిపి క్రమబద్ధమైన ఫిజియోథెరపీ. ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ ఆధిక్యం దేనికీ లేదు; తీవ్రమైన దుష్ఫలితాలు కీహోల్ వర్గంలోనే ఎక్కువ. అలాంటప్పుడు ముందు రావలసింది ఫిజియోథెరపీయే. అది కూడా జిల్లా కేంద్రంలో ఏ కార్పొరేట్ గదిలోనో కాదు, మండలంలో కూలికి వెళ్లే మనిషి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండాలి.