రాగం తీయని రాఘవ

మా బళ్లారిలో రాఘవ అంటే ముందు కళామందిరం గుర్తుకొస్తుంది, మనిషి తర్వాత. ఆటోవానికి దారి చెప్పేటప్పుడు ఆ పేరు వాడతాం, సభల కరపత్రాల్లో ఆ పేరు అచ్చేస్తాం. మొన్న మా మనవరాలు "ఈ రాఘవ ఎవరు తాతా?" అని అడిగింది. "గొప్ప నటుడమ్మా" అన్నాను. "ఏ సినిమాలో?" అంది. సినిమాల పేర్లు చెప్పాను. కానీ అది సరైన జవాబు కాదని నాకే తోచింది. సరైన జవాబు కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న పుట్టారు. మదరాసులో క్రైస్తవ కళాశాలలో, ఆ తర్వాత న్యాయకళాశాలలో చదివి బళ్లారిలో వకీలుగా స్థిరపడ్డారు. క్రిమినల్ కేసుల్లో పెద్ద పేరు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా చేశారు. దొరతనం రావుబహదూర్ బిరుదు ఇచ్చింది. అంటే నాటకం ఆయనకు కూడుపెట్టే వృత్తి కాదు. ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. టిక్కెట్టు కొన్నవాడి మెప్పు కోసం వేషం కట్టవలసిన అవసరం లేనివాడే, ఆ రోజుల్లో ఆయన చేసిన పని చేయగలిగి ఉండేవాడు.

ఆ పని ఏమిటో తెలియాలంటే ఆయన మేనమామ దగ్గరికి వెళ్లాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు కూడా బళ్లారి వకీలే. 1880ల్లో సరసవినోదినీ సభ పెట్టి "చిత్రనళీయం" ఆడించారు. "విషాద సారంగధర"తో తెలుగులో దుఃఖాంత నాటకానికి దారి తీశారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు. ఇదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభ నడుపుతూ చారిత్రక నాటకాలు రాశారు. కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డట్టే రంగస్థలం మీదా ఇద్దరికీ పోటీ. ఒక ఊరికి ఇంతకన్నా అదృష్టం ఉంటుందా!

తెలుగు నాటకంలోకి పాటను, రాగాన్ని తెచ్చినవారిలో ధర్మవరంవారిని ముందు చెబుతారు. వింత ఏమిటంటే, మేనమామ లోపలికి తెచ్చినదాన్ని మేనల్లుడు గుమ్మం బయట నిలబెట్టాడు. ఆనాటి నాటకం ఎలా ఉండేదో పెద్దలకు తెలుసు. హార్మోనియం శ్రుతి, పద్యం, పద్యం చివర రాగం, ఆ రాగం మీద "వన్స్‌మోర్" కేకలు. కాటిసీనులో భార్య ఏడుస్తున్నా హరిశ్చంద్రుడు రాగం పూర్తిచేసేదాకా ఆమె దుఃఖం ఆగవలసిందే. రాఘవ ఇది ఒప్పుకోలేదు. పద్యాన్ని మాటలా, భావం తెగకుండా చెప్పాలన్నారు. హరిశ్చంద్రుడు, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, అందరూ ఆయన దగ్గర మాట్లాడే మనుషులే.

మా తాత ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఇరవైలలో రాఘవ నాటకాలు చూసినవాడు. ఆయన మాట నాకింకా జ్ఞాపకం: "గొంతున్నోడు ఎవడైనా పద్యం పాడతాడ్రా. మాట్లాడకుండా నిలబడి జనాన్ని కూర్చోబెట్టేది రాఘవకే వచ్చు."

ఈ ధోరణి బళ్లారిలోనే ఎందుకు పుట్టింది? ఇది నా ఊహ, పండితులు కాదంటే వాదించను. మా ఊరి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే బేరంలో వినిపిస్తాయి. నాటకశాలలో కూర్చున్న సగంమందికి గ్రాంథిక పద్యం సగమే అర్థమయ్యేది. అలాంటి సభను పట్టుకోవాలంటే మొహం, కళ్లు, నిలబడే తీరు పనిచేయాలి. రాఘవ తెలుగులోనే కాక కన్నడంలో, హిందీలో, ఇంగ్లీషులో కూడా నటించారు. ఇక్కడ షేక్‌స్పియర్ క్లబ్బు నడిపారు. బెంగుళూరు అమెచ్యూర్ డ్రమటిక్ అసోసియేషన్ వారితో కలిసి ఆడారు. 1927లో "దీనబంధు కబీర్"ను గాంధీగారు చూశారు. 1928లో లండన్ వెళ్లి బెర్నార్డ్ షాను కలిశారు. షా ఏదో మెచ్చుకున్నాడని మావాళ్లు రకరకాలుగా చెబుతుంటారు. షా మెచ్చుకుంటేనేగాని మన రాఘవ గొప్పవాడు కాడా అని నాకు చిరాకు.

ఆయన వేషాలన్నిటిలో మా ఊరు ఎక్కువ తలుచుకున్నది పఠాను వేషం. కోలాచలంవారి "రామరాజు చరిత్ర"లో రుస్తుం. 1565 నాటి తళ్లికోట యుద్ధం, విజయనగరం కూలిపోవడం ఇతివృత్తం. మాకది పుస్తకాల్లోని చరిత్ర కాదు. హంపి శిథిలాలు బండి కట్టుకుని వెళ్లి చూసి వచ్చేంత దూరంలోనే ఉన్నాయి. ఆ కథలో నాయకుడు రామరాజు. జనం వెళ్లింది పఠాను కోసం. కిరీటం లేదు, శృంగారం లేదు, ఉన్నది మొరటు మనిషి రోషం. నాటకం పేరు మోసేవాడొకడు, నాటకాన్ని మోసేవాడొకడు.

ఇలాంటి నటుణ్ణి ఏమనాలో మనకు అప్పటికి మాట లేదు. అమెరికాలో 1936 నాటి చిత్రాలతోనే సహాయపాత్రధారులకు ప్రత్యేకంగా ఆస్కారు ఇవ్వడం మొదలైంది. వాల్టర్ బ్రెన్నన్ అనే నటుడు మొదటిసారే దాన్ని గెలిచి, 1938, 1940 చిత్రాలకు మళ్లీ తీసుకున్నాడు. పళ్లూడిన ముసలివాళ్లు, మొరటు పల్లెటూరివాళ్లు ఆయన పాత్రలు. సరిగ్గా ఆ ఏళ్లలోనే మన రాఘవ మూడు సినిమాల్లో కనిపించారు. 1936లో "ద్రౌపదీ మానసంరక్షణం"లో దుర్యోధనుడు. అదే ఏడాది పోటీగా వచ్చిన "ద్రౌపదీ వస్త్రాపహరణం" ముందు అది నిలవలేదు. 1940లో "చండిక". నడుమ 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారి "రైతుబిడ్డ". అందులో నర్సిరెడ్డి అనే రైతు. సుమారు అరవై ఏళ్ల రావుబహదూర్ గారు జమీందారుకు ఎదురు తిరిగిన రైతుగా కనబడ్డారు! జమీందార్లు గగ్గోలు పెట్టారు, కొన్నిచోట్ల బొమ్మ ఆపేశారు. దాన్ని తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి జమీందారుగారే కావడం ఇంకో తమాషా.

ఆడవేషం ఆడవాళ్లే వేయాలన్నది ఆయన మరో పట్టు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న ఇంటి స్త్రీ ఆయన సరసన రంగమెక్కారు. ఈనాటివారికి ఇందులో విశేషం కనిపించకపోవచ్చు. ఆ రోజుల్లో ఇంటి పెద్దలు ఏమనుకున్నారో ఊహించుకోండి. పి.వి. రాజమన్నారుగారు, అంటే తర్వాత మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయనే, "తప్పెవరిది" రాశారు. రాఘవ ఆడారు. దేవుళ్లు, రాజులు లేని సాంఘిక నాటకం. వకీలు రాయగా వకీలు ఆడిన ఆ నాటకం పేరు కూడా కోర్టు ప్రశ్నలాగే ఉంది.

రాఘవ 1946 ఏప్రిల్ 16న పోయారు. ఏడేళ్లకు, 1953 అక్టోబరు 1న, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి. బళ్లారి మైసూరులో చేరింది. ఎవరిది న్యాయమన్న తగవు ఇప్పుడెందుకుగాని, నష్టం మాత్రం రాఘవకు జరిగింది. ఆంధ్రవారి నాటక చరిత్రల్లో ఆయన పొరుగు రాష్ట్రపు ఊరి పేరు మోస్తున్న మనిషి. కన్నడిగుల చరిత్రల్లో కన్నడంలోనూ నటించిన తెలుగువాడు. 1981లో తపాలా బిళ్ల వేశారు, సంతోషం. బిళ్లలో గొంతు వినపడదు.

మనవరాలికి "రైతుబిడ్డ" చూపించాను. పావుగంట చూసి, "తాతా, ఈయన యాక్షన్ చేస్తున్నట్టే లేదే?" అంది. తర్వాతి ఆదివారం ఇద్దరం కళామందిరంలో పద్యనాటకానికి వెళ్లాం. కాటిసీను వచ్చింది. కుర్రవాడు మంచి గొంతున్నవాడు, రాగం నిమిషంపైగా లాగాడు. వెనుక వరసలోంచి "వన్స్‌మోర్" అన్నారు. రాఘవ పటం బయట గోడమీద ఉంది. నేనూ చప్పట్లు కొట్టాను.