పాఠకుణ్ని వెతుక్కోవడమూ పాఠమేనా?

విద్యార్థికి రాయడం నేర్పితే చాలునా, రాసినదాన్ని పదిమంది చేత చదివించడం కూడా నేర్పాలా అన్న తగువు ఇంటర్నెట్టుతో పుట్టింది కాదు. ఇవాళ ప్రతి విద్యార్థి చేతిలోనూ అచ్చాఫీసంత ఫోను ఉంది కాబట్టి కొత్తగా కనిపిస్తోంది, అంతే. ఈ తగువు 1903లోనే అమెరికాలో ఇద్దరు పెద్దమనుషుల మధ్య నడిచింది. ఒకరు న్యూయార్క్ 'వరల్డ్' పత్రిక యజమాని జోసెఫ్ పులిట్జర్, మరొకరు హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఇలియట్. పత్రికా రచన నేర్పే కళాశాలకు భారీ విరాళం ఇస్తానని పులిట్జర్ అటు కొలంబియా విశ్వవిద్యాలయానికీ ఇటు హార్వర్డ్‌కూ కబురు పంపాడు. ఇలియట్ వెంటనే ఒక పాఠ్య ప్రణాళిక గీసి ఇచ్చాడు. అందులో పత్రికలకు సంబంధించిన చట్టాలు, నీతి, చరిత్ర, రచనా పద్ధతులు ఉన్నాయి. వాటితో పాటు పత్రికా కార్యాలయ నిర్వహణ, ప్రకటనలు, సర్క్యులేషన్, అచ్చుపని కూడా ఉన్నాయి. పులిట్జర్‌కు గిట్టనిది ఈ రెండో జాబితానే. 1904లో 'నార్త్ అమెరికన్ రివ్యూ'లో రాసిన సుదీర్ఘ వ్యాసంలో, తన కళాశాల వ్యాపారానికి దూరంగా ఉండటమే కాదు, వ్యాపార ధోరణికి ఎదురు నిలవాలని తేల్చేశాడు. ప్రకటనలు సేకరించేవాడు ఎక్కడైనా దొరుకుతాడు, మనస్సాక్షి ఉన్న సంపాదకుడే దొరకడు అన్నది ఆయన వాదం. విరాళం కొలంబియాకు వెళ్లింది. ఆయన 1911లో పోయాడు, మరుసటి సంవత్సరం కళాశాల తలుపులు తెరిచింది.

ఈ మాటలు ఎవరు అంటున్నారో గమనించాలి. పాఠకుణ్ని పత్రిక దగ్గరికి రప్పించే విద్యలో ఆ కాలంలో పులిట్జర్‌ను మించినవాడు లేడు. 1883లో ఆయన జే గౌల్డ్ దగ్గర 3,46,000 డాలర్లకు 'వరల్డ్'ను కొన్నప్పుడు దానికి పాఠకులు పదిహేను వేలకు అటూ ఇటూ. కొన్నేళ్లలోనే అది రెండున్నర లక్షలు దాటింది. 1885లో స్వేచ్ఛా విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలకపోతే, ఆ పని పత్రిక నెత్తికెత్తుకుంది. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా దాత పేరు అచ్చువేస్తామని మాట ఇచ్చింది. అయిదు నెలల్లో లక్ష డాలర్లకు పైగా వచ్చాయి, లక్షకు పైగా దాతలు తేలారు. తన పేరు అచ్చులో చూసుకోవాలనుకునేవాడు పత్రిక కొనకుండా ఉండడు. నాలుగేళ్ల తరవాత తన విలేకరి నెల్లీ బ్లైను ప్రపంచ యాత్రకు పంపి, ఆమె ఎన్నిరోజులకు తిరిగొస్తుందో ఊహించమని పాఠకులకు పోటీ పెట్టాడు. జవాబు పంపాలంటే పత్రికలోంచి కూపన్ కత్తిరించాలి. ఆమె 72 రోజుల్లో తిరిగొచ్చింది. ఇంత చేసినవాడు విద్యార్థులకు మాత్రం ఆ వైపు చూడొద్దన్నాడు. దీన్ని కపటం అనుకోనక్కర్లేదు. 1890ల చివర మరో పత్రికాధిపతి హర్‌స్ట్‌తో పోటీపడి, క్యూబా యుద్ధం రోజుల్లో 'వరల్డ్' ఎంత దిగజారిందో ఆయనకు తెలుసు. పాఠకుల సంఖ్య నెత్తికెక్కితే ఏమవుతుందో అనుభవించి చెప్పిన మాట అది. కానీ అనుభవించినవాడు చెప్పినంత మాత్రాన అది అందరికీ వర్తించే సూత్రం కాదు. ఆయన భయం పాఠకులు లక్షల్లో ఉన్నవాడి భయం. విద్యార్థికి ఒక్క పాఠకుడు కూడా ఉండడు.

ఇలియట్ ప్రణాళికకు హార్వర్డ్‌లో చోటు దక్కలేదు గాని మిస్సోరీలో దక్కింది. అక్కడ 1908 సెప్టెంబరులో తెరిచిన జర్నలిజం స్కూలుకు డీన్ వాల్టర్ విలియమ్స్. ఆయనకు కళాశాల పట్టా లేదు. ఊరి పత్రిక నడిపినవాడు, అచ్చాఫీసులో పని నేర్చినవాడు. తరగతులు మొదలైన రోజే విద్యార్థుల చేత 'యూనివర్సిటీ మిస్సోరియన్' పత్రిక తెచ్చాడు. అది తరగతి గదిలో చూపించి బీరువాలో దాచుకునే పత్రిక కాదు, కొలంబియా అనే ఆ చిన్న ఊళ్లో మిగతా పత్రికలతో పాటు ఇంటింటికీ వెళ్లే పత్రిక. ఊళ్లో దుకాణాల నుంచి ప్రకటనలు తెచ్చుకోవాలి, చందాలు కట్టించుకోవాలి. దీనిమీద పెద్ద గొడవే అయింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే విశ్వవిద్యాలయం మా పొట్ట కొడుతోందని స్థానిక పత్రికల వాళ్లు శాసనసభ దాకా వెళ్లారు. ప్రభుత్వ నిధులు పత్రిక మీద ఖర్చుపెట్టకూడదన్న ఆంక్ష వచ్చింది. పత్రికను నడపడానికి వేరే సంఘం పెట్టుకుని, చందాలూ ప్రకటనలతోనే బండి లాగాల్సి వచ్చింది. శిక్షగా వచ్చిన ఈ ఆంక్షే ఆ స్కూలుకు అసలు పాఠ్యపుస్తకం అయిందని నా నమ్మకం. చదివేవాడు లేకపోతే రేపటి సంచికకు కాగితం లేదన్న సంగతి విద్యార్థికి ఉపన్యాసం వింటే తెలియదు, ఊళ్లో తిరిగితే తెలుస్తుంది.

మిస్సోరీలో రాతా వ్యాపారమూ కలగాపులగం అయిపోయాయా అంటే అదీ లేదు. విలియమ్స్ 1914లో రాసిన 'జర్నలిస్టు ప్రతిజ్ఞ'లో వార్తలూ సంపాదకీయాలే కాదు, ప్రకటనలు కూడా పాఠకుడి మేలు కోసమే ఉండాలనీ, వాటన్నిటికీ సత్యం ఒక్కటే కొలమానమనీ ఉంది. పులిట్జర్ ప్రకటనల విభాగాన్ని మైలపడిన గదిగా భావించి తలుపు మూశాడు. విలియమ్స్ ఆ గదికి కూడా నీతి వర్తింపజేశాడు. రెండోది కష్టమైన పని, అందుకే అది నేర్పవలసిన పని. తలుపు మూసినంత మాత్రాన ఆ గది ఖాళీగా ఉండదు కదా. అందులో ఎవరో ఒకరు కూర్చుంటారు, నీతి పాఠం చెవిన పడనివాళ్లు కూర్చుంటారు.

ఈ తగువు మన దేశానికి వచ్చేసరికి ఇంకో రూపం తీసుకుంది. 1920లో అనీ బిసెంటు అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయంలో జర్నలిజం కోర్సు పెట్టి, విద్యార్థులను తన 'న్యూ ఇండియా' కార్యాలయంలోనే పనికి కూర్చోబెట్టింది. అది ఎంతో కాలం నిలవలేదు. 1941లో లాహోరులో పంజాబ్ విశ్వవిద్యాలయం శాఖ తెరిచినప్పుడు దాన్ని నడిపిన పి.పి.సింగ్ మిస్సోరీలో చదివొచ్చినవాడు. 1947లో మద్రాసులో కోర్సు వచ్చింది. 1954లో ఉస్మానియాలో జర్నలిజం శాఖ ప్రారంభమైనప్పుడు దాని తొలి అధిపతి డి ఫారెస్ట్ ఓడెల్ అనే అమెరికన్. జర్నలిజం బోధన చరిత్ర మీద 1935లో పుస్తకం రాసిన పండితుడాయన. అంటే పులిట్జర్, ఇలియట్ల తగువు ఏమిటో పూర్తిగా తెలిసిన మనిషే హైదరాబాదుకు వచ్చాడు. అయినా మన విశ్వవిద్యాలయాల్లో చివరికి స్థిరపడింది మిస్సోరీ పద్ధతి కాదు, దాని నీడ. ప్రయోగ పత్రిక అని ఒకటి ఉంటుంది. విద్యార్థులు వార్తలు తెస్తారు, పేజీలు పెడతారు, అచ్చవుతుంది, శాఖలోనూ పక్క శాఖల్లోనూ ఊరికే పంచుతారు, మార్కులు పడతాయి. దాన్ని ఎవరూ కొనరు, కాబట్టి ఎవరూ మానెయ్యరు కూడా. పాఠకుడు మానేశాడన్న దెబ్బ తగలని పత్రికలో ఎన్నేళ్లు రాసినా, తన రాతలో ఎక్కడ విసుగు పుడుతోందో విద్యార్థికి తెలియదు. మార్కులు వేసే ఆచార్యుడు జీతం తీసుకుని చదివే పాఠకుడు. ఆయన చివరిదాకా చదివి తీరాలి.

విచిత్రం ఏమిటంటే, మిస్సోరీ దాకా వెళ్లే పని లేకుండానే తెలుగునాట ఈ విద్యకు గట్టి వారసత్వం ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టినప్పుడు దాన్ని మద్రాసులో అచ్చువేయించుకోవాల్సి వచ్చింది. తరవాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రాలయం పెట్టుకున్నారు. ఆయన సంపాదకుడే కాదు, అచ్చాఫీసు లెక్కలు చూసుకున్నవాడు. మొదట్లో గంభీరంగా ఉన్న ఆ పత్రిక భాష క్రమంగా తేలికపడటం, ఊరి ఉద్యోగుల లంచాల బండారం బయటపెట్టడం, సాటి సంపాదకుడు కొక్కొండ వెంకటరత్నంతో వాదం ముదిరాక హాస్యానికి విడిగా 'హాస్య సంజీవని' తేవడం, ఇవన్నీ సంఘసంస్కర్త చేసిన పనులే. కానీ వాటిలో పాఠకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ నవ్వుతాడో గమనించిన మనిషి కూడా కనిపిస్తాడు. అందుకే వితంతు వివాహం గురించి ఆయన రాసినదాన్ని అది ఇష్టంలేనివాళ్లు కూడా చదివారు. చదవకపోతే అంత తిట్టేవాళ్లు కాదు.

కాశీనాథుని నాగేశ్వరరావు దారి ఇంకొకటి. బొంబాయిలో 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, దాని రాబడితో 1908లో అక్కడే 'ఆంధ్రపత్రిక' వారపత్రికను స్థాపించారు. 1914లో దాన్ని మద్రాసులో దినపత్రిక చేశారు. పదేళ్ల తరవాత 'భారతి' తెచ్చారు. తలనొప్పి మందును ఊరూరా పేరుమోయించిన మనిషికి, ఒక పేరును జనం నోట ఎలా నిలపాలో ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన ఏటేటా తెచ్చిన ఉగాది సంచికల సంగతే చూడండి. పండగ రోజున ఇంట్లో ఉండవలసిన వస్తువుల్లో పత్రికను చేర్చడం ఎంత ఆలోచనతో చేసిన పనో! అయితే నాగేశ్వరరావుగారి ఉదాహరణ నా వాదానికి సగమే ఉపయోగపడుతుందని ఒప్పుకోవాలి. మందు రాబడి వెనకాల ఉన్నప్పుడు పత్రిక నష్టాన్ని తట్టుకోగలదు. అది అందరికీ దొరికే వెసులుబాటు కాదు.

అసలైన పాఠం సురవరం ప్రతాపరెడ్డి దగ్గర ఉంది. 1926లో హైదరాబాదులో 'గోలకొండ పత్రిక' మొదలుపెట్టినప్పుడు, రాజ్యం భాష ఉర్దూ, చదువు ఉర్దూలో, తెలుగు చదివే అలవాటే బలంగా లేని చోట తెలుగు పత్రిక నడపాలి. రాయడం, ప్రూఫులు దిద్దడం, నిర్వహణ చూసుకోవడం, అన్నీ చాలాకాలం ఆయన చేతి మీదుగానే జరిగాయి. తెలంగాణలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు అన్నప్పుడు ఆయన ఎదురు వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. దీన్ని సాహిత్య చరిత్ర ఆత్మగౌరవ ప్రకటనగా చూస్తుంది, సరైనదే. కానీ పత్రికాధిపతి కంటితో చూస్తే, 354 ఊళ్లు కాకపోయినా అందులో చాలా ఊళ్లలో ఈ పత్రికను తనదిగా భావించే ఒక ఇల్లు ఏర్పడింది. పులిట్జర్ విగ్రహం పీఠానికి దాతల పేర్లు అచ్చువేసినప్పుడు జరిగిందీ ఇదే. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ పాఠకుడు చిల్లర ఇచ్చి పేరు చూసుకున్నాడు, ఇక్కడ పద్యం ఇచ్చి చూసుకున్నాడు. పాఠకుణ్ని సంపాదించడం అంటే పత్రిక విలువ తగ్గించుకోవడమే అనేవాళ్లు ఈ సంచికను ఏ ఖాతాలో వేస్తారో నాకు తెలియదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. వీరేశలింగానికీ ప్రతాపరెడ్డికీ సర్క్యులేషన్ పాఠం ఏ విశ్వవిద్యాలయం చెప్పింది? చేతగలవాళ్లు చేసుకుపోయారు, విశ్వవిద్యాలయం ఎందుకు? ఈ మాటలో ఒక లోపం ఉంది. మనకు గుర్తున్నవి బతికిన పత్రికల పేర్లు. తెలుగు పత్రికల చరిత్ర నిండా కొద్ది సంచికలతో ఆగిపోయిన పత్రికలు ఉన్నాయి. పాత సంచికలు తిరగేస్తే చందా బకాయిలు పంపమని వేడుకునే సంపాదకుల విన్నపాలు పదేపదే తగులుతాయి. ఆగిపోయినవన్నీ చెత్తవి కావు. మంచి రచయితలే నడిపారు. వాళ్లకు రాయడం వచ్చు, బకాయి రాబట్టడం రాదు, ఏజెంటుతో మాట్లాడటం రాదు, తన పత్రిక ఎవరికి కావాలో తేల్చుకోవడం రాదు. నేర్పగలిగిన విషయాలు నేర్పకుండా వదిలేసి, ప్రతి తరమూ సొంత డబ్బు తగలేసుకుని నేర్చుకోమనడం ఔదార్యం కాదు. అవి పనిలో చేరాక నేర్చుకోవచ్చు గదా అంటే, పులిట్జర్ నాటికి చేరడానికి పెద్ద పత్రికలు ఉన్నాయి, వాటికి సర్క్యులేషన్ మేనేజర్లు ఉన్నారు. ఇప్పుడు ఇంటర్నెట్టులో సొంతంగా రాసుకునే విద్యార్థికి తానే విలేకరి, తానే మేనేజరు. వీరేశలింగం కాలపు స్థితే తిరిగి వచ్చింది.

రెండో అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మార్కులతో ముడిపెట్టి పాఠకులను తెమ్మంటే విద్యార్థి తేలిక దారి వెతుకుతాడు. కూపన్ కత్తిరించే పోటీ పెడతాడు, పుకారు రాస్తాడు, స్నేహితుల చేత లెక్క పెంచిస్తాడు. అది నిజం. అందువల్లే వచ్చిన పాఠకుల సంఖ్యను కొలవకూడదు, తిరిగివచ్చిన పాఠకుణ్ని కొలవాలి. పాత పత్రికలకు ఈ కొలత సహజంగా ఉండేది. మొదటి ఏడు చందా మొహమాటానికి కట్టొచ్చు, రెండో ఏడు చందా మొహమాటానికి కట్టేవాళ్లు తక్కువ. నెల్లీ బ్లై కూపన్ కోసం 'వరల్డ్' కొన్నవాడు పోటీ అయ్యాక ఎంతమేరకు మిగిలాడన్నది పులిట్జర్‌ను అడగవలసిన ప్రశ్న. ప్రతాపరెడ్డి పాఠకుడు రెండో ఏడూ మిగిలాడు, పదో ఏడూ మిగిలాడు. సంచికకు పద్యం పంపినవాడు అప్పటికే పాఠకుడు. కాబట్టి సెమిస్టరు చివర ఎంతమంది చూశారని అడిగే పరీక్ష పనికిరాదు. మొదటి నెల చదివినవాళ్లలో ఎవరు నాలుగో నెల కూడా చదివారు, ఎవరు మానేశారు, మానేసినవాళ్లను విద్యార్థి వెళ్లి అడిగాడా, అడిగితే ఏం చెప్పారు, దానికి రాతలో ఏం మార్చాడు, ఏం మార్చనన్నాడు, ఎందుకు మార్చనన్నాడు అని అడగాలి. చివరి ప్రశ్నకు మంచి జవాబు చెప్పినవాడు పాఠకులు తక్కువైనా ఉత్తీర్ణుడే. ఇలాంటి పరీక్ష పెట్టాలంటే ఆచార్యుడు ఒక సెమిస్టరు కాక ఏడాది అంతా విద్యార్థి వెంట ఉండాలి. మన విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న ఆచార్య పదవులు నిండేదాకా అది ఎలా సాధ్యమో ఆ శాఖలే చెప్పాలి.