అచ్చుకాని ఫలితములు - హడగలిలో పుట్టిన రావుగారి లెక్క

నేడు కర్ణాటకమందున్న హూవినహడగలి 1920 నాటికి మదరాసు రాజధానిలోని బళ్ళారి మండలమున చేరియుండెను. ఆ యేట సెప్టెంబరు 10వ తేదీన అచ్చట నొక తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తా చేరి, గణాంకశాస్త్రమున లోకప్రసిద్ధులైరి. వారి కృషిలో మనవారు తఱచుగా తలపని భాగమొకటి కలదు.

కంటబడిన సమాచారము ఏ ద్వారమున వచ్చినదో యెఱుగక దానిని లెక్కింపరాదు. ఫిషరు 1934లో సూచించిన ఈ భావమును రావుగారు 1965లో విస్తరించిరి. తమ ఉపన్యాసములకు వచ్చిన యువకులను, అన్నదమ్ములెందఱు, అక్కచెల్లెండ్రెందఱు అని వారు అడిగెడివారు. మగవారి సంఖ్యయే మిక్కిలిగా తేలెడిది!

ఇద్దఱేసి బిడ్డలుగల నాలుగిండ్లను తలపుడు. ఒకయింట ఇద్దఱును కొడుకులు. రెండిండ్ల ఒక కొడుకు, ఒక కూతురు. నాలుగవయింట ఇద్దఱును కూతుండ్రు. కొడుకులనే యడిగినచో నాలుగవ యిల్లు లెక్కకే రాదు. మొదటియిల్లు రెండుమాఱులు వచ్చును. మొత్తము మగవారు 6, ఆడవారు 2. జవాబు చెప్పిన నలుగురిని తీసివేసినచో ఇరువురు, ఇరువురు మిగులుదురు. రాని యింటి తలుపు తట్టకయే నిజము తేలినది.

పెక్కు పరిశోధనల ఫలితములను కలిపి తీర్పు చెప్పువారికిని ఇదే చిక్కు. మందు పనిచేసెనన్న పరిశోధన అచ్చగును. చేయలేదన్నది సొరుగులో నుండును. 1979లో రాబర్టు రోజెంతాల్ దీనికి సొరుగు సమస్య యనియే పేరిడెను. 1988లో సతీశ్ అయ్యంగార్, జోయెల్ గ్రీన్‌హౌస్ అనువారు, ఫలితమునుబట్టి అచ్చగు అవకాశము ఎట్లు మాఱునో అంచనావేసి, రావుగారు చూపిన మార్గముననే లెక్కను సవరింపజూచిరి. అయినను ఇది అన్నదమ్ముల లెక్కవలె సులువు కాదు. అచ్చట ద్వారపు కొలత మనకు తెలియును. సొరుగు నెవరు ఏల మూసిరో తెలియదు. అంచనా తప్పినచో సవరణయు తప్పును.

మనోవ్యాకులత మందులపై అమెరికా ఔషధశాఖ వద్ద నమోదైన 74 పరిశోధనలను ఎరిక్ టర్నరు ప్రభృతులు పరిశీలించి 2008లో ప్రకటించిరి. శాఖ అనుకూలమని యెంచిన 38లో 37 అచ్చయ్యెను. తక్కిన 36లో 22 అచ్చుకాలేదు. 11 అనుకూలమైనట్లే వ్రాయబడి వెలువడెను. ఉన్నదున్నట్లు వచ్చినవి మూడే. పత్రికలను నమ్మి మందు వ్రాసిన వైద్యుని తప్పేమున్నది? ఆ 11 పత్రముల అసలు రూపము తెలియుటకు శాఖ దస్త్రములే శరణ్యమయ్యెను.

పరిశోధనను మొదలిడకమునుపే నమోదుచేయుటకు మనదేశమున 2007లో ఒక పట్టిక ఏర్పడెను. ఔషధపరీక్షలకు 2009 జూన్ 15 నుండి అది విధియైనది. పట్టికలో పేరుండి ఫలితము అచ్చున కానరానిచో, ఏ యిల్లు లెక్కకు రాలేదో ఇపుడు తెలియును.