నమూనా జలాంతర్గాముల పూర్వకథ

ఐర్లండు దేశమునుండి 1873లో అమెరికాకు వలసవచ్చి, న్యూజెర్సీలోని పేటర్సన్ పట్టణమున బడిపంతులుగా జీవించుచుండిన జాన్ హాలండు, నీటి క్రింద నడచు నావ సాధ్యమేయని ఇతరులను నమ్మించుటకు కాగితముపై గీచిన పటములు చాలవని గ్రహించి, సుమారు ముప్పది అంగుళముల పొడవున, స్ప్రింగుతో నడచు చిన్న నమూనా నొకదానిని నిర్మించి, న్యూయార్కు చేరువనున్న కోనీ ఐలండు తీరమున దానిని ముంచి తేల్చి చూపెను. చూడవచ్చినవారు ఫీనియన్లను ఐరిష్ విప్లవకారులు. వారికి బ్రిటిషు నౌకాబలమును దెబ్బతీయు సాధనము కావలసియుండెను. 1875లో ఆయన పథకమును అమెరికా నౌకాశాఖ త్రోసిపుచ్చెను గాని, నమూనాను కన్నులార చూచినవారు ధనమిచ్చిరి. ఆ ధనముతోనే 1878లో మనిషి కూర్చుండి నడుపదగిన నావ పేటర్సన్ ప్రక్కనే పారు పస్సేక్ నదిలో దిగెను; 1900 సంవత్సరమున, ఒకనాడు కాదన్న ఆ నౌకాశాఖయే హాలండు నిర్మించిన వేరొక నావను వెలయిచ్చి కొనెను. నేడు చెరువుగట్టున రేడియోపెట్టె పట్టుకొని నిలుచు అభిరుచిగలవారిని చూచి, పెద్దవారికి ఈ పిల్లలాట యేమని నవ్వువా రెవరైన నున్నచో, అసలు యుద్ధనౌకయే ఇట్టి బొమ్మ వెనుక నడచి వచ్చినదని వారికి చెప్పవచ్చును.

హాలండు పట్టుకొన్న సూత్రము వినుటకు మిక్కిలి సులభము. ఆయన నావ ఎంత నీరు నింపుకొన్నను కొంత తేలుగుణమును వదలక నిలుపుకొనియే యుండును. చోదనయంత్రము ముందుకు త్రోయుచుండగా, వెనుక భాగమున అడ్డముగా అమర్చిన రెక్కలను వంచుటచే ముక్కు క్రిందికి వాలి, తన వేగబలముననే నావ లోనికి దిగును. వేగ మాగినచో, మిగిలిన తేలుగుణమే దానిని మరల పైకి తెచ్చును. ఇట్లుగాక, నీటిని నింపుకొని బరువుచేతనే నిలువున మునుగ జూచు నావలకు వేరొక చిక్కు కలదు. లోతుకొలది నీటి సాంద్రత దాదాపు పెరుగదు. కావున బరువు ఒక చెంబెడు నీటిపాటి హెచ్చైనను, అట్టి నావ నడుమ నెచ్చటను నిలువక అడుగున నేల తగులువరకును దిగుచునే పోవును. మునుగుట ఎట్లన్న ప్రశ్నకు శిల్పులు పెక్కు సమాధానములు చెప్పిరి గాని, యంత్రము చెడినను తప్పక పైకి వచ్చుట ఎట్లన్న ప్రశ్నకు ఇంత చవుకగా సమాధానము చెప్పినది హాలండు పద్ధతియే యని నా యభిప్రాయము.

బొమ్మల తయారీదారులు ఈ రహస్యమును వెంటనే గ్రహించిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో జర్మనీలోని న్యూరెంబర్గు నగరమునందలి బింగ్ సంస్థయు, గోపింగెన్‌లోని మార్క్లిన్ సంస్థయు రేకుతో చేసి రంగులు వేసిన జలాంతర్గాములను అమ్మిరి. తరువాత ఇంగ్లండులో, లీడ్సు నగరమునకు చేరువనున్న హార్స్‌ఫర్తు గ్రామమున, సట్‌క్లిఫ్ సంస్థ 'ఉండా వుండా' యను పేరుతో నొకటి, డిస్నీవారు జూల్ వెర్న్ నవలను 1954లో చలనచిత్రముగా తీసిన పిమ్మట ఆ చిత్రములోని నాటిలసు రూపమున నింకొకటి చేసెను. వీనియందు నీరు నింపు తొట్టి లేదు, గాలిబుడ్డి లేదు. తాళపుచెవితో స్ప్రింగును బిగించి, రెక్కలను కొంచెము క్రిందికి వంచి, నీట విడుచుటయే పని. మర తిరుగుచున్నంతసేపు బొమ్మ లోలోపల నీదును; స్ప్రింగు సడలినకొలది వేగము తగ్గి, తనంత తానే పైకి తేలును. పిల్లవాని చేతికి ఒకసారి విడిచిన పిమ్మట దానిపై ఏ అధికారమును లేదు. కొలను ఆవలి గట్టునకు పరుగెత్తుటయే ఆటలో సగము. అయినను బొమ్మ పోవుట అరుదు, ఏలయన అది మునుగుటకు శ్రమపడవలెను గాని తేలుటకు శ్రమపడ నక్కరలేదు.

రెండవ పద్ధతి, అనగా ఉన్న చోటనే దిగి ఉన్న చోటనే లేచునది, పిల్లలకు చేరుట ఇంకను విచిత్రము. అణుశక్తితో నడచు తొలి జలాంతర్గామి నాటిలసు 1954 జనవరి 21న కనెక్టికట్ రాష్ట్రమునందలి గ్రోటన్‌లో జలప్రవేశము చేసెను. అమెరికా బాలురందరి నోట దాని పేరే యుండిన ఆ కాలమున, కెల్లాగ్స్ వారు తమ అల్పాహారపు డబ్బాలతో వేలెడంత ప్లాస్టిక్ జలాంతర్గామిని కానుకగా ఇచ్చిరి. దాని కడుపులోని చిన్న గుంటలో బేకింగ్ పౌడరును కూరి నీట విడిచినచో, అది మునిగి, లోన పుట్టిన బొగ్గుపులుసు వాయువు బుడగగా పోగుపడగా పైకి లేచి, ఒక ప్రక్కకు ఒరిగి ఆ బుడగను విడిచి, మరల మునుగును. పదునేడవ శతాబ్దమున మజియోట్టి యను ఇటలీ పండితుడు వర్ణించినదియు, ఏ కారణముననో దెకార్తు పేర వ్యాపించినదియు నగు గాజుబొమ్మ ప్రయోగమున మన పాఠశాలలలో చూపునది ఈ ధర్మమే: బరువు మారకుండ పరిమాణము మారినను, పరిమాణము మారకుండ బరువు మారినను, ఫలమొక్కటే.

ఇక రేడియో సంగతి. 1898లో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ప్రదర్శనమున నికోలా టెస్లా నీటితొట్టిలో ఒక ఇనుప పడవను తీగ యేదియు లేకయే త్రిప్పి నడిపించి, ఆ యేటి నవంబరు 8న 613,809 సంఖ్యగల పేటెంటును పొందెను. అది నీటిపై తేలు పడవ. దాని యాంటెన్నా గాలిలో నిలిచియుండెను. ఆ చిన్న వివరమునందే తరువాతి చిక్కంతయు దాగియున్నది. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చి, చేతిలోని పుల్ల ఎంత కదలిన చుక్కాని అంతే కదలు విధానము 1960 తరువాత ఏర్పడిన పిదప, విమానములు, పడవలు, కార్లు అభిరుచిగలవారికి అందుబాటులోనికి వచ్చెను. జలాంతర్గామి మాత్రము తన యాంటెన్నాను నీటిలోనికి వెంటగొనిపోక తప్పదు. రేడియోతరంగములకు విద్యుద్వాహకమగు నీరు శత్రువు, అందును ఉప్పునీరు పరమశత్రువు. సముద్రజలమున నమూనాకు వాడు తరంగములు కొన్ని అంగుళములలోనే నశించును. తరంగము ఎంత దీర్ఘమైన అంత లోతునకు పోవునన్న న్యాయమును బట్టియే, మన నౌకాదళమువారు మునిగియున్న జలాంతర్గాములతో మాటాడుటకు తిరునెల్వేలి చేరువను ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ అను కేంద్రమున ఆకాశమంటు స్తంభములను నిలిపి, కిలోహెర్ట్జులలో లెక్కింపదగిన అతినిమ్న పౌనఃపున్యమును ప్రసారము చేయుచున్నారు. ఇంటిమేడపై అట్టి స్తంభమును నిలుపుట ఎవరితరము? మంచినీటి కొలనులో మాత్రము 27, 40, 75 మెగాహెర్ట్జుల పాత రేడియోలు కొన్ని మీటర్ల లోతువరకు చక్కగా వినబడును. యూరపులో 40, అమెరికాలో 75, ఈ నీటియాటల వారికి వాడుకయైనవి.

ఇంతలో ఒక విపరీతము జరిగెను. 2005 ప్రాంతమునుండి 2.4 గిగాహెర్ట్జుల రేడియోలు అంగడికి వచ్చి, ఒకరి పెట్టె ఇంకొకరి విమానమును పడద్రోయు పాత బాధను తొలగించుటచే, తయారీదారు లందరును పాత పౌనఃపున్యములను క్రమముగా విడిచిపెట్టిరి. విమానము వారికిది వరము. జలాంతర్గామి వారికి శాపము, ఏలయన ఆ తరంగము నీటిలో అంగుళములు దాటి పోలేదు. పెరిస్కోపు లోతున, యాంటెన్నా కొన నీటిపై నిలిచియున్నంతవరకు అదియు పనిచేయును గాని, దాటి దిగగనే నావ చెవిటిదగును. సాంకేతిక ప్రగతి యను పేర లోకమంతయు మెచ్చిన మార్పు ఒక చిన్న వర్గమును వెనుకకు నెట్టి, ఇతరులు అటకపై పడవైచిన పాత పెట్టెలను వెదకికొనుట వారికి ఒక వృత్తిగ చేసినది. అందుచేతనే ఈ అభిరుచిలో క్రొత్తసరకుకన్న పాతసరకునకు గౌరవ మెక్కువ.

నావను దింపు సాధనములు పెక్కు పుట్టినవి. మోటారుతో ముందు వెనుకలకు జరుగు ముషలకమువలన నీటిని పీల్చి కక్కు గొట్టము జర్మనీవారికి ఇష్టమైనది. అది నిదానమైనది, కొలతకు లొంగునది, వెలగలది. చిన్న పంపుతో సంచిలోనికి నీరెక్కించు పద్ధతి యొకటి. సిలిండరులో నింపిన ద్రవవాయువును విడిచి తొట్టిలోని నీటిని వెడలగొట్టు పద్ధతి యింకొకటి. ఇది చవుక, వేగముగలది, కాని వాయువు అయిపోయినదా, ఆనాటి యాటయు అయిపోయినట్లే. ఏ పద్ధతినైనను యంత్రములన్నియు బిరడాలు బిగించి రబ్బరు వలయములు తొడిగిన పారదర్శకపు గొట్టములో దాగియుండవలెను, పైనున్న నావరూపమునందు నీరు స్వేచ్ఛగా తిరుగుచుండవలెను. మోటారు ఇరుసు గొట్టమును చీల్చుకొని వెలికి వచ్చు చోటనే మొదట తేమ చేరునని ఈ పనిలో చేయి తడిసినవారందరును చెప్పుదురు.

రెవెల్ సంస్థ 1/72 ప్రమాణమున జర్మనుల ఏడవ తరగతి యు-బోటును, అమెరికావారి గాటో తరగతి నౌకను ప్లాస్టిక్ భాగములుగా అమ్మిన పిమ్మట, వానిలో ఇట్టి గొట్టమునిమిడ్చి నడుపువారు దేశదేశముల ఏర్పడిరి. మొదటిది తొంబది మూడు సెంటీమీటర్లు, రెండవది నూటముప్పది రెండు. ఆ పరిమాణమును ఊహింపదలచిన తెలుగువారు విశాఖపట్టణపు రామకృష్ణా బీచిలో, 1969నుండి 2001వరకు నౌకాదళమున కొలువు చేసి, 2002లో ప్రదర్శనశాలయై నిలిచిన ఐ.ఎన్.ఎస్. కురుసురను తలచుకొనవచ్చును: తొంబదియొక్క మీటర్లకు కొంచెము మించిన ఆ నౌక అదే ప్రమాణమున సుమారు నూటయిరువది యేడు సెంటీమీటర్లగును. అంతటి నమూనా స్నానపుతొట్టిలో ఈదజాలదు, కారు డిక్కిలో సులభముగా పట్టదు, నీటితో నిండిన పిమ్మట ఒక్కరి చేత గట్టున కెక్కదు. దర్శనీయమే గాని తొలినావ కాదగినది కాదు.

తక్కువ ఖర్చుతో తొలినావను కోరువానికి నే నిచ్చు తీర్పు హాలండునాటిదే. జర్మనీలోని రాబ్బే సంస్థ 'సీవుల్ఫ్' పేర చేసిన, తొట్టియేలేని నావ వంటిది, చేతులు మారి వచ్చినదైనను, ముషలకము లమర్చిన క్రొత్తనావకన్న మేలు. లోపల చెడుటకు వస్తువు లెక్కువ లేవు, బ్యాటరీ మందగించినను అది పైకే వచ్చును. నిలువున దిగి ఆగుట దానికి చేతకాదు, ఎల్లపుడును కదలుచునే యుండవలెను. ఆ లోపమును మొదటి యేడాది ఎవరును గమనింపరు. అరచేతిలో పట్టునంతటి చిట్టి జలాంతర్గాములు, నిలువు మరతో తమ్ము తాము క్రిందికి త్రోసికొనునవి, బొమ్మలే యైనను, సంకేతము ఎంత లోతున అందక పోవునో ఎక్కువ ఖర్చు లేకుండ నేర్పును గనుక వానిని తృణీకరింపరాదు. ప్రారంభింపదలచినవారు నావకు ముందు రేడియోను వెదకుడు. 27, 40, 75 మెగాహెర్ట్జుల పాతపెట్టెలలో తమ దేశమున అనుమతిగలది చిక్కినపిమ్మటనే నావకు వెలకట్టుడు. అడుగు కనబడు మంచినీటి కొలనులో దింపుడు, సముద్రమున మాత్రము దింపకుడు.